‘ఇక చాలు’ అనే కబురు మెదడుకు చేరాలంటే



ఈ పూట ప్రసంగం ఊబకాయం గురించి. అందులోనూ, ఊబకాయానికి మాత్ర వెతుకుతున్న పరిశోధన గురించి. బరువు తగ్గించే ఇంజెక్షన్ల సంగతి ఈమధ్య పేపర్లలోనూ టీవీల్లోనూ వింటూనే ఉన్నారు. వాటి పక్కనే, అంత సందడి లేకుండా, ఇంకో పని సాగుతోంది. మన ఒంట్లో కొవ్వు ఎంత నిల్వ ఉందో మెదడుకు చెప్పే హార్మోన్ ఒకటుంది. లావుగా ఉన్నవాళ్లలో దానికేం కొదవ లేదు. మామూలుకన్నా ఎక్కువే ఉంటుంది. కానీ మెదడు దాన్ని పట్టించుకోదు. ఆ కబురును మెదడుకు మళ్లీ వినిపించే మాత్ర దొరుకుతుందా? పరిశోధకులు వెతుకుతున్నది దాన్నే.

ఇందులో వచ్చే పేర్లు, సంవత్సరాలు గుర్తుండకపోయినా ఫరవాలేదు. ఒక్క సంగతి గుర్తుంటే చాలు. చాలామంది లావు కావడానికి మనోబలం లేకపోవడం కారణం కాదు. ఒంట్లో కబురు పుడుతోంది, వినబడటం లేదు. ఈ సంగతి ఎలా తెలిసిందో మొదట చూద్దాం.

అమెరికాలో మెయిన్ అనే రాష్ట్రం ఉంది. అక్కడ సముద్రపు ఒడ్డున బార్ హార్బర్ అనే చిన్న ఊరు. ఆ ఊళ్లో జాక్సన్ లేబొరేటరీ. పరిశోధనల కోసం చిట్టెలుకల్ని పెంచే చోటు అది. 1949లో అక్కడి బోనుల్లో కొన్ని చిట్టెలుకలు తోటివాటికన్నా బాగా లావెక్కడం కనిపించింది. ఎంత పెట్టినా తినేవి. పెద్దయ్యేసరికి మామూలు చిట్టెలుకకు మూడు రెట్ల బరువు తూగేవి. ఇది వంశంలో వస్తున్న లోపమని తేల్చారు. తర్వాత 1966లో అదే ల్యాబులో ఇంకో రకం లావు చిట్టెలుకలు బయటపడ్డాయి. వీటికి లావుతోపాటు షుగరు కూడా తీవ్రంగా ఉండేది.

డగ్లస్ కోల్‌మన్ అనే కెనడా శాస్త్రవేత్త ఈ రెండు రకాల మీద ప్రయోగాలు చేశారు. అవి వినడానికి కష్టంగానే ఉంటాయి. రెండు చిట్టెలుకల్ని పక్కపక్కన ఉంచి, వాటి పక్కల చర్మాన్ని కలిపి కుట్టేవారు. గాయం మానేసరికి ఒకదాని రక్తం రెండోదాని ఒంట్లోకి కొంచెం కొంచెం పారేది. మొదట, షుగరున్న లావు చిట్టెలుకను మామూలు చిట్టెలుకతో కలిపారు. లావుది ఎప్పటిలాగే తింటూ ఉంది. మామూలుది తినడం మానేసింది. మేత ముందే ఉంది. ముట్టలేదు. రోజురోజుకీ చిక్కిపోయి, చివరికి తిండిలేక చచ్చిపోయింది.

ఒక్క క్షణం ఆలోచించండి. లావుదాని రక్తంలో ఏదో పదార్థం ఉంది. ‘కడుపు నిండింది, ఇక చాలు’ అని చెప్పే పదార్థం. అది లావుదాని మెదడుకు చేరడం లేదు. పక్కదాని మెదడుకు మాత్రం గట్టిగా చేరింది. ఎంత గట్టిగానంటే, ఆ జీవి తిండే మరిచిపోయింది.

తర్వాత 1949 నాటి రకాన్ని, షుగరున్న రకాన్ని కలిపి కుట్టారు. ఈసారి 1949 నాటి రకం తిండి తగ్గించి బక్కచిక్కింది. దాంతో కోల్‌మన్‌కు లెక్క తేలింది. ఒక రకానికి కబురే పుట్టదు. రెండో రకానికి కబురు పుడుతుంది, వినబడదు. 1973 నాటికే ఆయన ఈ మాట రాశారు. కానీ ఆ పదార్థం ఏమిటో అప్పటికి ఎవరికీ తెలియదు. చాలామంది నమ్మనూ లేదు.

ఇరవై ఏళ్లు గడిచాయి. న్యూయార్క్‌లో రాక్‌ఫెలర్ యూనివర్సిటీ. జెఫ్రీ ఫ్రీడ్‌మన్ అనే డాక్టరు, ఆయన బృందం, ఎనిమిదేళ్లపాటు ఆ పదార్థాన్ని తయారుచేసే జన్యువు కోసం వెతికారు. 1994 డిసెంబరులో ‘నేచర్’ పత్రికలో దాన్ని ప్రకటించారు. ఆ జన్యువు తయారుచేసే హార్మోన్ పేరు లెప్టిన్. అది పుట్టేది కొవ్వు కణాల్లో. ఇక్కడే అందరూ ఆశ్చర్యపోయారు. అప్పటిదాకా కొవ్వంటే ఊరికే పేరుకున్న సరుకు అనుకునేవారు. అది మెదడుతో మాట్లాడుతుందని చాలామంది ఊహించలేదు. కొవ్వు ఎక్కువుంటే లెప్టిన్ ఎక్కువ. కొవ్వు తగ్గితే లెప్టిన్ తక్కువ. అది రక్తంలో కలిసి, మెదడు అడుగుభాగాన హైపోథాలమస్ అనే చోటికి చేరుతుంది. నిల్వలు బాగున్నాయి, ఆకలి తగ్గించు అని చెబుతుంది. 2010లో కోల్‌మన్‌కూ ఫ్రీడ్‌మన్‌కూ కలిపి లాస్కర్ అవార్డు ఇచ్చారు. కోల్‌మన్ చెప్పింది అక్షరాలా నిజమని ఆయన బతికుండగానే తేలింది. అది సంతోషించాల్సిన విషయం.

ఇక మనుషుల సంగతి.

ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఒక ఎనిమిదేళ్ల అమ్మాయిని డాక్టర్లు పరీక్షించారు. తల్లిదండ్రులది పాకిస్తాన్ నుంచి వలసవచ్చిన కుటుంబం. ఆ పిల్ల బరువు 86 కిలోలు. ఆమెకు వరసకు తమ్ముడయ్యేవాడు ఒకడు. వాడికి రెండేళ్లు, బరువు 29 కిలోలు. ఇద్దరి రక్తంలోనూ లెప్టిన్ దాదాపు లేదు. జన్యువులో చిన్న లోపం. 1997లో సదాఫ్ ఫారూఖీ, స్టీఫెన్ ఓరాహిలీ బృందం ఈ సంగతి ప్రకటించింది. తర్వాత ఆ అమ్మాయికి రోజూ లెప్టిన్ ఇంజెక్షన్ ఇచ్చారు. మొదలుపెట్టేనాటికి తొమ్మిదేళ్లు, 94 కిలోలు. ఏడాది తిరిగేసరికి 16 కిలోలు తగ్గింది. మామూలు పిల్లలాగా తిని, ఇక చాలనడం మొదలుపెట్టింది. అంతకుముందు ఆ పిల్లను ఎంతమంది తిండిపోతని ఉంటారో, ఆ తల్లిని ఎంతమంది తప్పుపట్టి ఉంటారో ఆలోచించండి. పిల్ల తప్పూ లేదు, తల్లి తప్పూ లేదు. కబురు పుట్టలేదు, అంతే.

లెప్టిన్ దొరికినప్పటి నుంచే ప్రపంచమంతా ఆశలు పెట్టుకుంది. ఆమ్జెన్ అనే అమెరికా కంపెనీ 1995లోనే లెప్టిన్ హక్కుల కోసం రాక్‌ఫెలర్‌కు 2 కోట్ల డాలర్లు ఇచ్చింది. లావుగా ఉన్న అందరికీ లెప్టిన్ ఇస్తే సరి అనుకున్నారు.

అలా జరగలేదు. 1996లో 275 మంది రక్తాన్ని పరీక్షించిన ఒక అధ్యయనం వచ్చింది. ఊబకాయం ఉన్నవాళ్లలో లెప్టిన్ మామూలు బరువున్నవాళ్లకన్నా సగటున నాలుగు రెట్లు ఉంది. తక్కువ కాదు, నాలుగు రెట్లు ఎక్కువ. ఆ అమ్మాయిలాంటి లోపం కోట్లమందిలో ఏ కొద్దిమందికో ఉంటుంది. మిగతావాళ్లకు లెప్టిన్ ఇంకాస్త ఎక్కించినా పెద్ద ఉపయోగం లేదని 1999లో వచ్చిన ప్రయోగ ఫలితాలు చెప్పాయి. కొందరికి కాస్త తగ్గింది. చాలామందికి తేడా అంతంత మాత్రమే.

ఇదెలా ఉంటుందంటే, ఖాజీపేటలోనో గుంతకల్లులోనో రైలు పట్టాల పక్కన ఇల్లు ఉందనుకోండి. రాత్రి పన్నెండింటికి గూడ్సు బండి కూత వేసుకుంటూ పోతుంది. ఆ ఇంటికి వచ్చిన చుట్టం ఉలిక్కిపడి లేచి కూర్చుంటాడు. ఇంట్లోవాళ్లు మాత్రం ఒత్తిగిలి పడుకుంటారు. కూత ఉంది. చెవులూ బాగానే ఉన్నాయి. కానీ రోజూ, రాత్రీ పగలూ వినీ వినీ మనసు దాన్ని వదిలేసింది. ఇంకో రెండు బళ్లు ఎక్కువ నడిపినా వాళ్లు లేవరు. లెప్టిన్ ఇంజెక్షన్ అలా రెండు బళ్లు ఎక్కువ నడపడమే. ఈ స్థితిని లెప్టిన్ రెసిస్టెన్స్ అంటారు. లెప్టిన్‌కు స్పందన తగ్గిపోవడం.

మరి చేయాల్సిందేమిటి? కూత పెంచడం కాదు. వినికిడి తెప్పించడం. పరిశోధన మళ్లిన మలుపు ఇదే. ఈ మాట మళ్లీ చెప్పుకోవడం మంచిది. హార్మోన్ పెంచడం కాదు, హార్మోన్ మాట వినిపించడం.

ఇది ఎక్కడో అమెరికాలోనే ఉన్న విషయం అనుకోకండి. హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. అక్కడి ఎలుకల వంశం 1920 నుంచి పెంచుతున్నది, సంస్థ కూనూరులో ఉన్ననాటిది. ఆ వంశంలో దానంతటదే లావెక్కే రకం ఒకటి పుట్టింది. ఎన్. వి. గిరిధరన్ బృందం 1996లో దాన్ని లోకానికి పరిచయం చేసింది. ఈ ఎలుకలు చిన్నప్పటి నుంచే విపరీతంగా తింటాయి. కొన్ని కిలో బరువు దాటుతాయి. వీటి రక్తంలో లెప్టిన్ చాలా ఎక్కువ. అంటే కబురు పుట్టే రకమే, వినబడని రకమే. మన దేశంలో ఊబకాయం మీద పనిచేసేవాళ్లకు ఇదొక పెద్ద ఆస్తి.

ఆ అవసరం మన రెండు రాష్ట్రాలకూ ఉంది. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో ఉండాల్సినదానికన్నా ఎక్కువ బరువున్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతం. తెలంగాణలో 30 శాతం. దేశం మొత్తం మీద 24 శాతం. అంటే ఆంధ్రప్రదేశ్‌లో ప్రతి ముగ్గురు ఆడవాళ్లలో ఒకరికి పైగా.

ఇంతకీ మాత్రే ఎందుకు? ఇంజెక్షన్ ఉండగా ఈ వెతుకులాట దేనికి?

లెప్టిన్ ఒక ప్రొటీన్. చాలా పెద్ద అణువు. దాని అణుభారం 16 వేలు. దాన్ని నోట్లో వేసుకుంటే కడుపు ఏం చేస్తుంది? రాత్రి తిన్న పప్పులోని ప్రొటీన్‌ను అరిగించినట్టే అరిగించేస్తుంది. రక్తంలోకి చేరనే చేరదు. అందుకే ఇన్సులిన్ అయినా లెప్టిన్ అయినా సాధారణంగా సూదితో ఇవ్వాలి. ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి. అదే చిన్న అణువైతే కథ వేరు. షుగరు ఉన్నవాళ్లందరికీ తెలిసిన మెట్‌ఫార్మిన్ మాత్రను తీసుకోండి. దాని అణుభారం 129 మాత్రమే. మింగితే పేగుల్లోంచి రక్తంలోకి పోతుంది. అలమారలో పడేసినా పాడుకాదు. ఫ్యాక్టరీలో రసాయనాలతో తయారుచేయొచ్చు, చౌకగా తయారుచేయొచ్చు. ఫ్రిజ్ లేని ఇంట్లోవాళ్లకూ, నెలకు వేలు ఖర్చుపెట్టలేని వాళ్లకూ అందే మందు ఇలాంటిదే.

పైగా మెట్‌ఫార్మిన్ చేసే పని కూడా మన విషయానికి దగ్గరిదే. అది ఇన్సులిన్‌ను పెంచదు. ఉన్న ఇన్సులిన్‌కు శరీరం, ముఖ్యంగా కాలేయం, సరిగా స్పందించేలా చేస్తుంది. యూరప్‌లో పెరిగే గలేగా అనే మొక్క దగ్గర మొదలైన పరిశోధన అది. 1957లో ఫ్రాన్సు డాక్టరు జాన్ స్టెర్న్ దాన్ని షుగరు రోగులకు వాడి చూపించారు. ఇన్సులిన్ విషయంలో సాధ్యమైంది లెప్టిన్ విషయంలో ఎందుకు సాధ్యం కాదు? ఈ ప్రశ్న న్యాయమైనదే.

ఈ ప్రశ్న పట్టుకున్నవాళ్లలో ఉముట్ ఓజ్‌జాన్ ఒకరు. టర్కీ నుంచి వచ్చి అమెరికాలో, బోస్టన్ చిల్డ్రన్స్ హాస్పిటల్‌లో స్థిరపడ్డ పరిశోధకుడు. మెదడు కణాలు లెప్టిన్ మాట ఎందుకు వినడం లేదు అన్నదానికి 2009లో ఆయన బృందం ఒక జవాబు ఇచ్చింది. ప్రతి కణంలోనూ ప్రొటీన్లను సరైన ఆకారంలోకి మడిచే భాగం ఒకటుంది. ఊబకాయంలో ఆ భాగం మీద ఒత్తిడి పెరుగుతుంది. పని పేరుకుపోతుంది. ఆ ఒత్తిడిలో ఉన్న కణం లెప్టిన్ వచ్చి తలుపు తట్టినా స్పందించదు. మరి ఆ ఒత్తిడి తగ్గిస్తే?

ఇక్కడ వాళ్లు మొక్కల్ని ముందు వెతకలేదు. కంప్యూటర్‌లో వెతికారు. వెయ్యికి పైగా చిన్న అణువులు మనిషి కణాల మీద ఏ జన్యువుల్ని పైకి లేపుతాయో, వేటిని అణుస్తాయో నమోదుచేసిన పట్టిక ఒకటి అందరికీ అందుబాటులో ఉంది. ఒత్తిడి తగ్గించే పదార్థాల గుర్తులు ఏ అణువుతో సరిపోలుతాయో ఆ పట్టికలో చూశారు. అన్నిటికన్నా బాగా సరిపోయింది సెలాస్ట్రాల్. చైనాలో కీళ్లవాతానికి తరతరాలుగా వాడుతున్న ఒక తీగ వేళ్లలో దొరికే ఎర్రటి పదార్థం.

దాన్ని, కొవ్వు ఎక్కువున్న మేత తిని లావెక్కిన చిట్టెలుకలకు ఇచ్చారు. మొదటి వారంలోనే వాటి తిండి సుమారు 80 శాతం తగ్గింది. మూడో వారం ముగిసేసరికి బరువులో 45 శాతం పోయింది. పోయింది దాదాపు అంతా కొవ్వే. 2015 మేలో ‘సెల్’ పత్రికలో ఈ ఫలితాలు వచ్చాయి. వాటిలో 45 శాతాన్ని మించిన అంకె ఒకటుంది. అదేమిటంటే సున్నా. పుట్టుకతో లెప్టిన్ లేని చిట్టెలుకలకు, అంటే బార్ హార్బర్‌లో మొదట కనిపించిన రకానికి, ఇదే మందు ఇస్తే బరువు తగ్గలేదు. లెప్టిన్ గ్రహించే భాగమే పాడైన రెండో రకానికి ఇచ్చినా తగ్గలేదు. అంటే ఈ మందు తానుగా ఆకలిని చంపడం లేదు. లెప్టిన్ మాటను వినిపిస్తోంది. కబురే లేనిచోట వినిపించడానికి ఏమీ లేదు కదా. కోల్‌మన్ అంతకు 40 ఏళ్ల ముందే విడదీసి చూపిన రెండు రకాలే ఇక్కడ సాక్ష్యం చెప్పాయి.

మరుసటి ఏడాది, 2016లో, అదే బృందం రెండో అణువును ప్రకటించింది. ఇది మన పొలాల గట్ల మీది మొక్కలోది. విథాఫెరిన్-ఎ. అశ్వగంధలో ఉండే పదార్థం. తెలుగునాట దీన్నే పెన్నేరు అంటారు. లావెక్కిన చిట్టెలుకల్లో ఇది బరువును 20 నుంచి 25 శాతం తగ్గించింది. కాలేయంలో పేరుకున్న కొవ్వు కూడా తగ్గింది.

శ్రోతలు ఇక్కడ దయచేసి ఆగి వినాలి. ఈ మాట వినగానే రేపు పొద్దున్నే ఎవరూ అశ్వగంధ పొడి డబ్బా తెచ్చుకోవద్దు. ఆ ప్రయోగంలో వాడింది పొడి కాదు. శుద్ధిచేసి వేరుచేసిన ఒకే ఒక్క పదార్థం. మోతాదు లెక్కగట్టి, ఇంజెక్షన్‌గా, చిట్టెలుకలకు ఇచ్చారు. మార్కెట్లో దొరికే పొడిలో ఆ పదార్థం ఎంత ఉందో కొన్నవాళ్లకు తెలియదు. వేరులో కన్నా ఆకులో ఎక్కువ ఉంటుంది. ఆకు కలిపి అమ్మడం సరికాదని 2021లో ఆయుష్ మంత్రిత్వ శాఖ తయారీదారులకు చెప్పింది కూడా. అశ్వగంధ మాత్రలు వాడి కాలేయం దెబ్బతిన్నవాళ్ల కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. సెలాస్ట్రాల్ ఇచ్చే చైనా తీగ ఇంకా ప్రమాదకరం. మోతాదు తప్పితే విషం. మగవాళ్లలో సంతాన శక్తిని దెబ్బతీస్తుందని చైనాలోనే తేలింది.

మరో మాట. లెప్టిన్ విషయంలో శాస్త్రవేత్తలందరిదీ ఒకే దారి కాదు. అమెరికాలో డాలస్ నగరంలోని ఫిలిప్ షెరర్ బృందం 2019లో దాదాపు ఎదురు మాట చెప్పింది. లావు చిట్టెలుకల్లో లెప్టిన్‌ను కొంత తగ్గిస్తే, మిగిలిన కాస్త లెప్టిన్‌కే మెదడు బాగా స్పందించిందని చూపించింది. పట్టాల మీద బళ్లు తగ్గిస్తే, వచ్చిన ఒక్క బండి కూతకూ మెలకువ వచ్చిందన్నమాట. ఇక 2025లో, లెప్టిన్‌ను కనిపెట్టిన ఫ్రీడ్‌మన్ బృందమే ఇంకో జవాబుతో ముందుకొచ్చింది. ఆకలిని అదుపుచేసే కొన్ని మెదడు కణాల్లో ఎమ్‌టార్ అనే ప్రొటీన్ అతిగా పనిచేయడమే లెప్టిన్ వినబడకపోవడానికి కారణమని వాళ్లు చూపించారు. దాన్ని అణచడానికి వాడింది రాపమైసిన్. ఇది కొత్త మందు కాదు. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లకు ఏళ్ల తరబడి ఇస్తున్న మాత్ర. చిట్టెలుకల్లో లెప్టిన్ స్పందన తిరిగి వచ్చింది, కొవ్వు తగ్గింది. అయితే రాపమైసిన్ రోగనిరోధక శక్తిని తగ్గిస్తుంది. అందుకే దాన్ని ఊబకాయానికి నేరుగా వాడేయలేం. ఎక్కడ తాళం ఉందో తెలిసింది. ఆ చోట మాత్రమే పనిచేసే అణువును తయారుచేయాలి.

ఇవన్నీ వింటే ఒక సందేహం వస్తుంది. 2015లోనే చిట్టెలుకలు దాదాపు సగం బరువు తగ్గాయి కదా, ఇంకా మాత్ర ఎందుకు రాలేదు? ఇన్నేళ్లు ఎందుకు?

ఎందుకంటే ఊబకాయపు మాత్రల చరిత్ర అంత మంచిది కాదు. 1933లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ డాక్టర్లు డైనైట్రోఫినాల్ అనే పసుపుపచ్చ పదార్థంతో బరువు తగ్గుతుందని చెప్పారు. నిజంగానే తగ్గింది. ఏడాది తిరిగేలోగా లక్షమంది వాడారని అంచనా. తర్వాత కొందరికి కంటిలో శుక్లాలు వచ్చాయి. కొందరు ఒంట్లో వేడి పెరిగి చనిపోయారు. 1938లో దాన్ని ఆపేశారు. 1997లో ఫెన్‌ఫ్లూరమిన్ మార్కెట్లోంచి పోయింది, గుండె కవాటాలు పాడుచేస్తోందని. 2008లో యూరప్‌లో రిమోనబాంట్‌ను ఆపేశారు, మనిషిని కుంగదీసి ఆత్మహత్య ఆలోచనల దాకా తీసుకెళ్తోందని. మన దేశంలోనూ 2009లో నిషేధించారు. సిబుట్రమిన్ గుండెపోటు ముప్పు పెంచుతోందని 2010లో అమెరికాలో, యూరప్‌లో తీసేశారు. 2011లో మన దేశంలో నిషేధం వచ్చింది. ఇవన్నీ చిన్న అణువులే. ఇవన్నీ బరువు తగ్గించినవే.

హైదరాబాద్‌కు ఈ బాధ స్వయంగా తెలుసు. 1990ల్లో ఇక్కడి మందుల కంపెనీ అధినేత డాక్టర్ అంజిరెడ్డి గారు రీసెర్చ్ ఫౌండేషన్ పెట్టి, ఇన్సులిన్‌కు స్పందన పెంచే కొత్త అణువుల మీద పని చేయించారు. బాలాగ్లిటాజోన్ అనే అణువు అక్కడ పుట్టింది. 1997లో డెన్మార్క్ కంపెనీ నోవో నార్డిస్క్ దాని హక్కులు తీసుకుంది. మన దేశంలో ఒక కంపెనీ తన సొంత అణువును విదేశీ కంపెనీకి ఇవ్వడం అదే మొదలు. వెంటనే రాగాగ్లిటాజార్ అనే రెండో అణువూ అదే దారిన వెళ్లింది. మనుషుల్లో పెద్ద ప్రయోగాల దాకా వచ్చింది. 2002లో, మందు వాడిన ఎలుకల మూత్రాశయంలో కణితులు కనిపించాయి. అక్కడితో ఆపేశారు. ఎన్నో ఏళ్ల శ్రమ, ఎంతో డబ్బు. అయినా ఆపడమే సరైన పని. ఆ అణువు మార్కెట్‌కు రాకపోవడం వల్ల ఎవరి ప్రాణమూ పోలేదు. అక్కడ పనిచేసినవాళ్లకు ఆ గౌరవం దక్కాలి.

ఇప్పటికీ అదే నియమం. ఫైజర్ కంపెనీ బరువు తగ్గించే మాత్ర ఒకటి తయారుచేస్తూ వచ్చింది. పేరు డానుగ్లిప్రాన్. ప్రయోగంలో ఒకే ఒక్క మనిషిలో, మందువల్ల కాలేయానికి దెబ్బ తగిలి ఉండవచ్చన్న సూచన కనిపించింది. మందు ఆపాక అది తగ్గిపోయింది. అయినా 2025 ఏప్రిల్‌లో కంపెనీ ఆ మాత్రను వదిలేసింది. మంచి వార్తా ఉంది. జపాన్‌లో చుగాయ్ కంపెనీ కనిపెట్టి, అమెరికా కంపెనీ లిల్లీకి ఇచ్చిన ఆర్ఫోర్‌గ్లిప్రాన్ అనే చిన్న అణువు, 72 వారాల ప్రయోగంలో అత్యధిక మోతాదు తీసుకున్నవాళ్ల బరువును సగటున 11-12 శాతం తగ్గించింది. రోజుకు ఒక మాత్ర. సూది అక్కర్లేదు. ఇది పేగుల్లో పుట్టే ఇంకో హార్మోన్‌ను అనుకరిస్తుంది. లెప్టిన్ స్పందనను తిరిగి తెచ్చే రకం కాదు. కానీ ఊబకాయం విషయంలో సూది చేసే పనిని చిన్న అణువుతో చేయించవచ్చని ఇది రుజువు చేసింది.

మరి లెప్టిన్ వినికిడి తెప్పించే మాత్ర అవసరం ఇంకా ఉందా? ఉంది. ఎందుకో చెప్పే అధ్యయనం ఒకటి ఆస్ట్రేలియాలో జరిగింది. మెల్‌బోర్న్‌లో 50 మంది పది వారాల కఠిన పథ్యం మొదలుపెట్టారు. బరువు తగ్గారు. వాళ్ల లెప్టిన్ కూడా పడిపోయింది. ఆకలి పెంచే హార్మోన్ పెరిగింది. ఏడాది తర్వాత మళ్లీ పరీక్షించారు. ఆ మార్పులు అప్పటికీ అలాగే ఉన్నాయి. బరువు కొంత తిరిగి వచ్చింది. 2011లో ఈ ఫలితాలు వచ్చాయి. చూశారా, కష్టపడి తగ్గిన మనిషికి ఒళ్లు ఏడాది తర్వాత కూడా ‘ఆకలి, ఆకలి’ అనే చెబుతోంది. తగ్గిన బరువు నిలవాలంటే, మిగిలిన కాస్త లెప్టిన్‌నే మెదడు శ్రద్ధగా వినాలి. అలాంటి మాత్ర దొరికితే దాని అసలు ఉపయోగం బరువు నిలబెట్టడంలోనే ఉండొచ్చు.

అందుకే శ్రోతలకు రెండు విన్నపాలు.

మొదటిది ఇంట్లోవాళ్లకు. లావుగా ఉన్న కూతురినో, కోడలినో, అన్నం దగ్గర కూర్చున్నప్పుడు దెప్పకండి. ‘నోరు కట్టుకో’ అనకండి. ఆ మనిషి పడుతున్న ఆకలి నిజమైన ఆకలి. నడుముకు టేపు పెట్టి కొలవండి. మన దేశంలో ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు, మగవాళ్లకు 90 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలని డాక్టర్ల లెక్క. దాటితే షుగరు, బీపీ, కాలేయం పరీక్షలు చేయించండి. నడక, నిద్ర, తిండిలో మార్పు, అవసరమైతే మందు, ఇవన్నీ డాక్టరుతో మాట్లాడి మొదలుపెట్టండి.

రెండోది, అంగట్లోనో ఫోన్‌లోనో ‘లెప్టిన్ మాత్ర’ అనో, ‘మూలికలతో నెలలో పది కిలోలు’ అనో ప్రకటన చూసినప్పుడు. మూలికల పేరుతో అమ్మిన బరువు తగ్గించే పొడుల్లో నిషేధించిన సిబుట్రమిన్ కలిపి ఉన్నట్టు అధికారులు ఎన్నోసార్లు పట్టుకున్నారు. లెప్టిన్ స్పందనను తిరిగి తెస్తుందని మనుషుల్లో రుజువై, ప్రభుత్వ అనుమతి పొందిన మాత్ర ఇప్పటికి ఏదీ లేదు. పరిశోధన జరుగుతోంది, మాత్ర రాలేదు. వచ్చిందని ఎవరైనా చెబితే కొనకండి. ఆ డబ్బా తీసుకెళ్లి మీ డాక్టరుకు చూపించండి.